దర్శనం అయింది, మరి చూడటం?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



"వేములవాడకు ఎన్నిసార్లు పోయిండ్రు అత్తమ్మా?" అని ఒకసారి మా అత్తగారిని అడిగాను.

"లెక్క ఎవలు పెట్టిండ్రు బిడ్డా! నా పెండ్లికి, పిల్లల పుట్టెంటికలకు, మీ మామకు పాణం బాగ లేనప్పుడు గండదీపానికి, సమ్మక్కకు పోయేముందు ప్రతిసారీ..."

"మరి అక్కడ ఏమేం చూసిండ్రు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఏం చూస్త? గుండంల మునుగుడు, కోడెను కట్టుడు, దేవునికి మొక్కుడు, సత్రంల వంట చేసుడు. అందరు తిన్నంక గిన్నెలు తోముకునేసరికే బస్సు యాళ్ల అయ్యేది."

ఈ మాట విని నవ్వుకొన్నాను గాని, తరువాత నా సంగతి నేను ఆలోచించుకొంటే నవ్వు రాలేదు. కరీంనగర్ కోడలినై ఇన్నేళ్ళయింది. నేను మాత్రం చేసింది ఏమిటి? స్టవ్వు, బియ్యం, పచ్చడి జాడీ మోసుకొని పోవడం, క్యూలో నిలబడటం, తిరిగి రావడం. దర్శనం అంటే చూడటమే కదా! మనం దర్శనాలు చేసుకొంటున్నాం గాని, చూడటం మాత్రం మరచిపోతున్నాం.

ఇంగ్లండులో 'బాత్' అని ఒక ఊరుంది. పేరుకు అర్థమే స్నానం. అక్కడ భూమిలోనుంచి సుమారు 46 డిగ్రీల వేడి నీరు ఉబికి వస్తుంది. రెండు వేల ఏళ్ళనాడు రోమనులు దాని చుట్టూ స్నానశాలలు, గుడి కట్టారు. ఆ ఊరికొక కథ కూడా ఉంది. బ్లాడుడ్ అనే రాజకుమారునికి కుష్ఠువ్యాధి వస్తే ఇంట్లోనుంచి వెళ్ళగొట్టారట. పందులను కాచుకొంటూ తిరుగుతూ, అవి పొర్లే వెచ్చని బురదలో తానూ దిగేసరికి జబ్బు నయమైందట. తరువాత ఆ ఊరు తానే కట్టించాడట.

ఇప్పుడు మన స్థలపురాణం వినండి. పరీక్షిత్తు మనుమడు నరేంద్రుడు పాపఫలంగా కుష్ఠువ్యాధితో తిరుగుతూ వేములవాడకు వచ్చి, ధర్మగుండంలో మునిగి ఆరోగ్యవంతుడయ్యాడంటారు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి వేములవాడ! మనిషి బాధా ఒకటే, నీటి మీద పెట్టుకొన్న ఆశా ఒకటే. (కథ కథే సుమండీ. ఈనాడు కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా మందు ఇస్తారు, నయమవుతుంది.) వేడి నీటి గుండమే చూడాలనుకొంటే ఆదిలాబాదు వారికి మహారాష్ట్ర కిన్వట్ తాలూకాలో ఉన్‌కేశ్వరం ఉండనే ఉంది.

ఐతే బాత్‌కు వచ్చేవారు నీళ్ళు చూసి తిరిగిపోరు. రోమనుల కట్టడాలు, పాత వీధులు, జేన్ ఆస్టిన్ అనే రచయిత్రి 1801 నుంచి 1806 దాకా ఉన్న ఊరని చెప్పుకొంటూ చుట్టుపక్కలన్నీ తిరిగి పోతారు. నీరు మనిషిని రప్పిస్తుంది, ఊరు నిలుపుకొంటుంది. మన వేములవాడకు నిలుపుకొనే శక్తి లేదా? ఉంది. మనమే నిలబడటం లేదు.

సరే, పోయినసారి అత్తమ్మా నేనూ ఒక ఒప్పందం చేసుకొన్నాం. స్టవ్వు తీసుకపోవద్దు. రెండు పూటలకు సరిపడా సద్ద రొట్టెలు, పల్లి పొడి కట్టుకొన్నాం. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది గదా. ఆధార్ కార్డు కొంగున ముడి వేసుకొని ఆమె నాకంటే ముందే బస్సెక్కి కూర్చుంది.

కరీంనగర్ నుంచి వేములవాడ సుమారు 35 కిలోమీటర్లు. 2016లో జిల్లాలు విడిపోయాక ఇది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. పాత పేరు లేంబులవాటిక. వెయ్యేళ్ళ క్రితం ఇది పల్లె కాదు, రాజధాని. రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యులు ఇక్కడినుంచే ఏలారు. వారిలో రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడు ఉన్నాడు. భారతకథలో అర్జునునిగా తన రాజునే నిలిపి కావ్యం వ్రాశాడు. దానికి మెచ్చి రాజు ధర్మపురి అగ్రహారం ఇచ్చాడు. గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్న ఆ ధర్మపురి ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది.

రాజన్న దర్శనమయ్యాక పక్కనే ఉన్న భీమన్న గుడికి తప్పక వెళ్ళండి. బద్దెగ రాజు కట్టించిన బద్దెగేశ్వరం ఇదేనని చరిత్రకారులంటారు. ఆ స్తంభాల పక్కన అత్తమ్మ అరగంట కూర్చుంది. "గింత సల్లగ ఉన్నదని నాకు ఎవ్వలు చెప్పలేదు" అన్నది. అంతకుముందెన్నోసార్లు ఆ వాకిట్లోనుంచే పోయింది పాపం, చంకలో పిల్లతో.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. వేములవాడకు దూరం కాదు, గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. ఆ ఊరి దగ్గర బొమ్మలమ్మ గుట్ట. బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీదేవి బొమ్మ చెక్కి ఉన్నాయి. ఆ దేవినే ఊరివాళ్ళు బొమ్మలమ్మ అని కొలుస్తారు. ఆ బొమ్మల కింద ఒక శాసనం. చెక్కించినవాడు పంపకవి తమ్ముడు జినవల్లభుడు, కాలం సుమారు 945. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలూ ఉన్నాయి. తెలుగులో మూడు కంద పద్యాలు. నన్నయగారు భారతం చేపట్టడానికి సుమారు నూరేళ్ళ ముందే మన కరీంనగర్ రాతి మీద కందం నడిచిందన్నమాట! 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ గుట్టను కూడా సాక్ష్యంగా చెప్పుకొన్నారు.

గుట్ట ఎక్కడం కొంచెం కష్టమే. అత్తమ్మ చేయి పట్టుకొని మెల్లగా ఎక్కించాను. పైన చేరగానే సంచిలోనుంచి పసుపు తీసింది. "అత్తమ్మా, అక్షరాల మీద పసుపు రాయొద్దు, పాడైపోతయ్" అన్నాను. "మరి మొక్కుడెట్ల?" అన్నది. "చూసుడే మొక్కుడు అనుకోండి" అన్నాను. ఆ లిపి ఆమెకూ రాదు, నాకూ రాదు. నేను చదివి తెలుసుకొన్నది చెప్పాను: "ఇందులో జినవల్లభుడు తన తండ్రి పేరు భీమపయ్య అని చెప్పుకొన్నడు. తల్లి పేరు కూడ చెక్కించిండు. ఆమె పేరు అబ్బణబ్బె."

"తల్లి పేరా? బండ మీదనా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడుంది బిడ్డా" అన్నది.

అమ్మలారా, ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకొంటున్నది. వెయ్యేళ్ళకు పైగా ఒక తల్లి పేరు ఎండకూ వానకూ నిలిచి ఉంది. ఐతే మన కరీంనగర్ గుట్టలు గ్రానైటుకు పేరుపొందినవి. ఎన్ని గుట్టలు ముక్కలై ఓడలెక్కి పోయాయో మనం చూస్తూనే ఉన్నాం. పదిమంది వచ్చి చూసే గుట్టకు పదిమంది కావలి ఉంటారు. ఎవరూ రాని గుట్ట ఒట్టి రాయే. కాబట్టి మనం చూడటానికి పోవడం విలాసం కాదు, కాపాడటంలో మొదటి మెట్టు.

మిగిలినవి గబగబా చెబుతాను. దగ్గరలోనే సిరిసిల్ల, మరమగ్గాల చప్పుడు వీధిలోకే వినిపిస్తుంది. మానేరు ఒడ్డున ఎలగందుల కోట, కరీంనగర్ కంటే ముందు జిల్లా కేంద్రం అదే. పిల్లలకు కోట ఎంతో ఇష్టం. కరీంనగర్‌లో వెండి తీగ పని చూడండి. సన్నని తీగను మెలివేసి, చుట్టలు చుట్టి, అతికి, నెమళ్ళూ అత్తరు దానులూ చేస్తారు. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనకపోయినా ఫరవాలేదు, చేసే చేతులను చూడండి.

పోయేవారికి నాలుగు మాటలు. సోమవారం, శివరాత్రి, మేడారం జాతర ముందు రోజులు చాలా రద్దీ. కార్తికం దాటాక ఒక మామూలు రోజు పెట్టుకోండి. ఎండాకాలం గుట్ట ఎక్కవద్దు, బండ కాలుతుంది. గుడి విస్తరణ పనుల వల్ల దర్శనం ఏర్పాట్లు మారుతుంటాయి, ముందే కనుక్కోండి. గుట్ట మీద మంచినీళ్ళు దొరుకుతాయనుకోవద్దు, వెంట తీసుకపోండి. బండ మీద పేర్లు చెక్కే పిల్లల చేయి పట్టుకొని ఆపండి. అన్నిటికంటె ముఖ్యంగా, స్టవ్వు ఇంట్లో వదిలి వెళ్ళండి. ఒకపూట రొట్టెతో గడిస్తే ఎవరికీ ఏమీ కాదు.

తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్క సీటు అడిగి కూర్చుంది. దారి పొడవునా బయటికే చూసింది. ఇంటికి రాగానే మా మామగారు "దర్శనం బాగ అయిందా?" అని అడిగారు.

"ఈసారి అయింది" అన్నది అత్తమ్మ.

సెలవు.