సీసాలో ఏం చూస్తారు?



ఈ రోజు కాస్త సిగ్గుపడే సంగతి మాట్లాడుకుందాం. ఇక్కడ అందరం ఆడవాళ్లమే కదా!

ఒంటేలుకు వెళ్తే మంట. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది. వెళ్తే నాలుగు చుక్కలే. పొత్తికడుపులో నొప్పి. అప్పుడు మనం ఏమంటాం? "వేడి చేసింది" అంటాం. బార్లీ నీళ్లు తాగుతాం. తాగండి, తప్పు లేదు. కాని ఆ మంట క్రిముల వల్ల వచ్చిందేమో బార్లీ నీళ్లు చెప్పలేవు కదా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కొన్ని మాటలు అడుగుతుంది. ఎన్నాళ్ల నుంచి మంట? జ్వరం ఉందా? తెల్లబట్ట, దురద ఉన్నాయా? అవి ఉంటే వేరే జబ్బు కావచ్చు. అందుకని దాచకుండా చెప్పాలి. బహిష్టులో ఉంటే అదీ చెప్పాలి.

తరువాత ఒక సీసా ఇస్తారు. ఇంట్లో ఉన్న పాత మందు సీసా పనికిరాదు. చేతులు కడుక్కోండి. మూత్రం వచ్చే చోటు నీళ్లతో కడుక్కోండి. మొదట వచ్చే మూత్రం వదిలెయ్యండి. మధ్యలో వచ్చేది సీసాలో పట్టండి. మూత లోపల వేలు పెట్టకండి. చర్మం మీది క్రిములు కలిస్తే పరీక్ష తప్పు చెబుతుంది. సీసా మీద మీ పేరు మీరే రాయండి. ఇప్పుడు రాయడం వచ్చుగా! పట్టిన వెంటనే ఇచ్చెయ్యండి.

అందులో ఒక కాగితం పట్టీ ముంచుతారు. రంగు మారుతుందేమో చూస్తారు. సూక్ష్మదర్శినిలో చీము కణాలు లెక్కపెడతారు. చీటీలో 'పస్ సెల్స్' అని ఉండేది వాటి లెక్కే.

కొందరికి కల్చరు పరీక్ష కూడా రాస్తారు. పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది కదా. అలాగే మూత్రంలోని క్రిముల్ని పెంచి చూస్తారు. ఎక్కువమందిలో కనిపించేది ఈ.కోలై అనే క్రిమి. ఏ మందుకు అది చస్తుందో కూడా ఇందులోనే తేలుతుంది. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. సీసా ఇవ్వకముందే పక్కింటివాళ్ల బిళ్లలు మింగితే క్రిములు సరిగా పెరగవు. జబ్బు ఉన్నా పరీక్షలో కనపడకపోవచ్చు.

కడుపుతో ఉన్నవాళ్లకు మంట లేకపోయినా క్రిములు ఉండొచ్చు. వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. వాళ్లు మంట కోసం చూడకుండా పరీక్ష చేయించుకోవాలి.

చలిజ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు ఉంటే క్రిములు మూత్రపిండాల దాకా వెళ్లాయేమో. అప్పుడు సీసా తీసుకుని, ఫలితం రాకముందే మందు మొదలుపెడతారు. ఆ రోజే వెళ్లండి. కూలి పోతుందని మర్నాటికి ఆగకండి.