లాహోరులో విమానం నడిపిన హైదరాబాదీ
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఉండే మనకు విమానం చప్పుడు కొత్త కాదు. హకీంపేట నుంచి శిక్షణ విమానం లేచిందంటే మన పిల్లలు మేడ మీదికి పరుగెడతారు. దుండిగల్ కూడా మన జిల్లాలోనిదే. వాయుసేన తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురు 2016 జూన్ 18న అక్కడి నుంచే బయటికి వచ్చారు. అయినా మన ఇంట్లో ఆడపిల్ల పైలట్‌నవుతానంటే నవ్వి ఊరుకుంటాం.

1936లోనే పైలట్ లైసెన్సు తీసుకున్న హైదరాబాదీ ఒకరున్నారు. హిజాబ్ ఇంతియాజ్ అలీ. తొలి ముస్లిం మహిళా పైలట్‌గా పేరు పొందిన ఈమె 1908లో హైదరాబాదు దక్కనులో పుట్టారు. తల్లి అబ్బాసీ బేగం ఉర్దూ రచయిత్రి. హిజాబ్ కూడా చిన్న వయసులోనే కథలు మొదలుపెట్టారు. 'అనార్కలీ' నాటకం రాసిన ఇంతియాజ్ అలీ తాజ్‌ను పెళ్లాడి లాహోరు వెళ్లారు. అత్తగారు ముహమ్మదీ బేగం 1898 నుంచి 'తహజీబె నిస్వాన్' అనే స్త్రీల పత్రిక నడిపిన మనిషి. కోడలు పుట్టిన ఏడాదే ఆమె కన్నుమూశారు. తర్వాత ఆ పత్రికకు కోడలే సంపాదకురాలైంది!

అదే 1936లో, అదే లాహోరులో, సరళా ఠక్రాల్ అనే 21 ఏళ్ల తల్లి చీరకట్టుతోనే ఒంటరిగా విమానం నడిపారు. 1939లో భర్త విమాన ప్రమాదంలో పోయారు. యుద్ధంతో శిక్షణ ఆగిపోయింది. ఆమె చిత్రకళ నేర్చుకున్నారు. దేశవిభజన తర్వాత ఇద్దరు కూతుళ్లతో ఢిల్లీ చేరి, చీరలకూ నగలకూ డిజైన్లు చేసి నిలబడ్డారు.

ఈ ఇద్దరివీ కలిగిన ఇళ్లు. మన పాతబస్తీ సయ్యదా సల్వా ఫాతిమా సంగతి వేరు. తండ్రి బేకరీలో పనిచేసేవారు. 'సియాసత్' సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ గారి చేయూతతో ఏవియేషన్ అకాడమీలో చేరి కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధించింది. ఆ ఒక్క లైసెన్సుతో విమాన సంస్థల్లో ఉద్యోగం రాదు, పెద్ద విమానాల శిక్షణ కావాలి. దానికి రాష్ట్ర ప్రభుత్వం సుమారు 35 లక్షలు మంజూరు చేసింది.

అంత సొమ్ము మన సంఘం తేలేదు, నాకు తెలుసు. కానీ మన దరఖాస్తు ఫారంలో ఆడపిల్లలకు రెండే గడులున్నాయి: నికాహ్ ఖర్చు, కుట్టు మిషను. కుట్టు మిషన్ను నేను తక్కువ చేయడం లేదు, దానితో ఇల్లు నడుపుకుంటున్న అక్కలు ఈ సభలోనే ఉన్నారు. మూడో గడి, 'వృత్తివిద్య ఫీజు', కలపమని కమిటీని అడుగుతున్నాను. దానికి నా వంతు సొమ్ము ఇందాకే కోశాధికారి గారి చేతిలో పెట్టాను. రసీదు ఇంకా ఇవ్వలేదు!