రైతు సొమ్ము తిన్నవాళ్లను బోనెక్కించాలంటే ఏం కావాలి?

(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అవినీతి అనగానే మనకు ముందు గుర్తొచ్చేది పాస్‌పుస్తకం కోసం ఇచ్చుకున్న చేతి ఖర్చు, కాటా దగ్గర పోయిన తరుగు. అది రోజూ మన కళ్ల ముందు జరిగేది. దానికి ఎన్నో మెట్లు పైన రైతు పేరు మీదే పెద్ద దోపిడీ జరుగుతుంది. ఆ మెట్టు మీద ఉన్నవాళ్లను కోర్టుకు ఈడ్చడం ఎందుకంత కష్టం? ఈడ్చగలిగిన చోట ఏం కలిసొచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఈరోజు మనం రుమేనియాకు చెందిన లారా కొద్రుత్స కొవేషి అనే మహిళా ప్రాసిక్యూటర్ గురించి మాట్లాడుకుందాం.

కొవేషి 1973లో పుట్టారు. చిన్నతనంలో బాస్కెట్‌బాల్ బాగా ఆడేవారు. తండ్రి కూడా ప్రాసిక్యూటరే. లా చదివి 1995లో సిబియు పట్టణంలో ఉద్యోగంలో చేరారు. 2006లో, 33 ఏళ్ల వయసులో, దేశానికి ప్రాసిక్యూటర్ జనరల్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమే, అందరిలోకీ చిన్న వయసు కూడా ఆమెదే. 2013లో జాతీయ అవినీతి నిరోధక విభాగానికి అధిపతి అయ్యారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన దగ్గర కేసు దర్యాప్తు పోలీసులో ఏసీబీయో చేస్తారు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో వాదిస్తారు. రుమేనియాలో అలా కాదు. దర్యాప్తును నడిపించేదీ, అభియోగం మోపేదీ ప్రాసిక్యూటరే. కాబట్టి ఆ కుర్చీలో ఎవరున్నారు, వాళ్లను ఎవరు దించగలరు అన్నది చాలా పెద్ద విషయం.

ఆ విభాగం పని ఎలా ఉండేదో చూద్దాం. ఆమె రాకముందే, వేరొకరు అధిపతిగా ఉన్నప్పుడు, 2007లో వ్యవసాయ మంత్రి లంచం వ్యవహారం బయటపడింది. 15 వేల యూరోలతో పాటు ఊరి సాసేజ్‌లు, పండ్ల సారా కూడా అందులో ఉండటంతో దేశమంతా నవ్వుకుంది. 2012లో ఆ మాజీ మంత్రికి 3 ఏళ్ల జైలు పడింది. కొవేషి వచ్చాక పని మరింత ఊపందుకుంది. 2015 ఒక్క ఏడాదిలోనే 1,250 మందికి పైగా నిందితులను కోర్టుకు పంపారు. పదవిలో ఉన్న ప్రధాని విక్టర్ పోంటా కూడా అందులో ఉన్నారు. తర్వాత 2018లో కోర్టు ఆయన్ను నిర్దోషి అన్నది. ఆ మాట కూడా మనం చెప్పుకోవాలి. ప్రాసిక్యూటర్ పని కోర్టు దాకా తీసుకుపోవడం, తీర్పు చెప్పడం కోర్టు పని.

అధికార పార్టీ నాయకుడు లివియు ద్రాగ్నియా కేసు మనకు సులభంగా అర్థమవుతుంది. ఆయన జిల్లాలో శిశు సంరక్షణ శాఖ జీతాల పట్టీలో ఇద్దరు ఉద్యోగుల పేర్లున్నాయి. వాళ్లు చేసింది మాత్రం పార్టీ ఆఫీసులో పని. పిల్లల కోసం పెట్టిన డబ్బు పార్టీ కార్యకర్తల జీతమైంది. ఈ కేసులో 2019 మేలో ఆయనకు మూడున్నరేళ్ల జైలుశిక్ష ఖాయమైంది.

ఇంత పైదాకా చెయ్యి వెళ్లినప్పుడు ఎదురుదెబ్బ రాకుండా ఉంటుందా? 2017 జనవరి 31 రాత్రి ప్రభుత్వం ఒక అత్యవసర ఆర్డినెన్స్ తెచ్చింది. అధికార దుర్వినియోగం వల్ల జరిగిన నష్టం 2 లక్షల లేయి, అంటే వాళ్ల కరెన్సీలో, దాటకపోతే అది నేరం కాదని దాని సారం. చలికాలపు రాత్రుల్లో లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఆ ఆర్డినెన్స్‌ను వెనక్కి తీసుకుంది. చట్టం మార్చడం కుదరలేదు కాబట్టి మనిషిని మార్చే పని మొదలైంది. 2018 ఫిబ్రవరిలో న్యాయశాఖ మంత్రి ఆమెను తొలగించాలని ప్రతిపాదించారు. దేశాధ్యక్షుడు ఒప్పుకోలేదు. అయినా రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశంతో జులై 9న ఆయనే సంతకం చేయాల్సి వచ్చింది.

2020 మే 5న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. తొలగింపును కోర్టులో సవాలు చేసే అవకాశమే ఇవ్వలేదనీ, ఆమె వాక్ స్వాతంత్ర్యానికి భంగం కలిగిందనీ తేల్చింది. న్యాయం దక్కింది గానీ కుర్చీ తిరిగి రాలేదు.

ఆమె మీద విమర్శలు లేవని మేము అనడం లేదు. ప్రాసిక్యూటర్ జనరల్‌గా ఉన్నప్పుడు నిఘా సంస్థతో ఆమె చేసుకున్న రహస్య ఒప్పందం రాజ్యాంగానికి విరుద్ధమని న్యాయస్థానం 2019లో తప్పుపట్టింది. స్వతంత్రంగా ఉండటమంటే ఎవరికీ జవాబు చెప్పకుండా ఉండటం కాదు. ఈ రెండూ కలిసి ఉంటేనే జనానికి నమ్మకం.

2019 అక్టోబర్‌లో ఆమె మొదటి యూరోపియన్ చీఫ్ ప్రాసిక్యూటర్‌గా ఎంపికయ్యారు. సొంత దేశ ప్రభుత్వమే ఆమెకు అడ్డుపడింది. లక్సెంబర్గ్‌లో ఉన్న ఆ కార్యాలయం 2021 జూన్ 1న పని మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ నిధులను కాజేసిన కేసులు చూడటం దాని పని. ఆ యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు వ్యవసాయానికే పోతుంది. అందుకే ఇది రైతులకు సంబంధించిన కార్యాలయం.

పాత కుర్చీకీ కొత్త కుర్చీకీ తేడా ఏమిటి? రుమేనియాలో ఒక మంత్రి కాగితం కదిపితే ఆమె పదవి కదిలింది. ఇక్కడ పదవీకాలం 7 ఏళ్లు, రెండోసారి ఇవ్వరు. కాబట్టి మళ్లీ పదవి కోసం ఎవరినీ మంచి చేసుకోనక్కర్లేదు. తొలగించాలంటే యూరోపియన్ న్యాయస్థానమే తొలగించాలి, ఏ ప్రభుత్వమూ తొలగించలేదు.

ఆ తేడా గ్రీసులో కనపడింది. అక్కడ పశుపోషకులకు మేత భూమి లెక్కన సబ్సిడీ ఇస్తారు. తమది కాని భూములను, ప్రభుత్వ బీళ్లను తమ మేత భూములుగా చూపించి, లేని గొర్రెలను ఉన్నట్టు రాయించి సొమ్ము తీసుకున్నారన్నది ఆరోపణ. డబ్బు పంచే ప్రభుత్వ సంస్థే ఇందులో చిక్కుకుంది. 2025 జూన్‌లో కొవేషి కార్యాలయం ఇద్దరు మాజీ వ్యవసాయ మంత్రులకు సంబంధించిన ఫైలును గ్రీసు పార్లమెంటుకు పంపింది. ఒక మంత్రి, కొందరు సహాయ మంత్రులు రాజీనామా చేశారు. అయితే గ్రీసు రాజ్యాంగం 86వ అధికరణం ప్రకారం మంత్రుల మీద విచారణ జరపాలో వద్దో పార్లమెంటే తేల్చాలి. అధికార పక్షానికి మెజారిటీ ఉంది. నేర విచారణ బదులు సాధారణ విచారణ కమిటీతో సరిపెట్టారు. ప్రాసిక్యూటర్‌ను దించలేకపోయినా, తలుపు మూయడానికి ఇంకో గడియ దొరికిందన్నమాట.

మరి నిజమైన రైతుకు ఏమైంది? సబ్సిడీల నిర్వహణ సరిగా లేదని యూరోపియన్ కమిషన్ గ్రీసు మీద దాదాపు 40 కోట్ల యూరోల కోత వేసింది. తనిఖీల పేరుతో చెల్లింపులు ఆలస్యమయ్యాయి. అదే సమయంలో గొర్రెలకు మశూచి సోకి మందలను చంపాల్సి వచ్చింది. 2025 చివర్లో రైతులు ట్రాక్టర్లతో రహదారులు దిగ్బంధించారు. దొంగ తిన్నప్పుడు నష్టపోయింది రైతే, దొంగను వెతికేటప్పుడు ఆగిపోయిందీ రైతు డబ్బే.

దీన్నుంచి మేము మూడు మాటలు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, ధైర్యం ఉన్న అధికారి కావాలని కోరుకుంటే చాలదు. ఆ అధికారిని తప్పించలేని చట్టం కోరాలి. మన అవినీతి నిరోధక చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్‌కు ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. 2018లో చేర్చిన 17ఎ సెక్షన్‌తో, అధికారిక నిర్ణయాలపై విచారణ మొదలుపెట్టడానికే ముందస్తు అనుమతి కావాల్సి వచ్చింది. గ్రీసు తలుపుకున్న గడియ లాంటిదే ఇది.

రెండు, దర్యాప్తు జరుగుతోందని చెప్పి అర్హులైన రైతులకు, ముఖ్యంగా చేతిలో కాగితం లేని కౌలు రైతులకు, సాయం ఆపకూడదు.

మూడు, దొంగ పేరు ముందుగా తెలిసేది ఊరికే. లేని గొర్రెలు ఎవరివో పక్క ఇంటివాడికి తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, మస్టర్లు గ్రామసభలో చదివినప్పుడు దొంగ హాజర్లు బయటపడ్డాయి. పంట నష్టం, బీమా, పెట్టుబడి సాయం జాబితాలను కూడా అలాగే పంచాయతీ గోడ మీద అంటించాలి, గ్రామసభలో చదవాలి.

ఈ మూడో పని చేయడానికి చట్టసభల మెజారిటీ అక్కర్లేదు. ఊళ్లో పదిమంది కలిసి గ్రామసభలో లేచి అడిగితే చాలు. వచ్చే గ్రామసభకు మీ ఊరి జాబితా అడుగుతూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. వచ్చిన జాబితాను మన సంఘం మండల కమిటీకి పంపండి, పేరుపేరునా కలిసి సరిచూద్దాం.