థియొడోరా సమాధి చెంత జస్టీనియన్

రోమక సామ్రాజ్యమునకు రాజధానియైన కాన్‌స్టాంటినోపుల్ నగరమున క్రీ.శ. 548 జూన్ 28వ తేదీన మహారాణి థియొడోరా రోగపీడితయై కన్నుమూసినది. 532లో ఆమె భర్తయగు చక్రవర్తి జస్టీనియన్‌పై నికా తిరుగుబాటు చెలరేగి, నౌకనెక్కి పలాయనము చేయవలెనని మంత్రాంగము సాగుచుండగా, భర్తను సింహాసనము విడువనీయని ధీర ఆమెయేనని చరిత్రకారుడు ప్రొకోపియస్ వ్రాసెను.

సంతానము లేకున్నను, అటుపిమ్మట పదునేడేండ్లు జీవించియు, జస్టీనియన్ పునర్వివాహము చేసికొనలేదు. ఆయన ప్రేమకు అంతకన్న హృదయంగమమైన సాక్ష్యము, పదవ శతాబ్దమున సంకలితమైన రాజసభామర్యాదల గ్రంథమున, శుష్కములైన లాంఛనముల నడుమ దాగియున్నది. 559 ఆగస్టులో, నగరరక్షణకై కట్టిన దీర్ఘప్రాకారముల మరమ్మతు ముగించి, వృద్ధ చక్రవర్తి ఊరేగింపుతో పురప్రవేశము చేయుచు, దారిలో పవిత్ర అపొస్తలుల ఆలయముకడ ఆగి, ప్రార్థించి, రాణి సమాధియెదుట దీపములు వెలిగించెనట! పదునొకండేండ్ల నాటి వియోగమది. దీనిని కేవలము ఆచారమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

565 నవంబరులో గతించిన జస్టీనియన్‌ను సైతము ఆ ఆలయముననే ఖననము చేసిరి. ఆ ఆలయమిప్పుడు లేదు. ఆ స్థలమున ఇస్తాంబుల్‌లోని ఫాతిహ్ మసీదు ఉన్నది.