పక్క తడిపెడు పిల్లలు



నలుగురిలో ప్రస్తావించుటకు సంకోచము కలిగించు విషయములు కొన్ని గలవు. ఎనిమిది, తొమ్మిదేండ్లు వచ్చిన పిల్లలు రాత్రివేళ పక్క తడుపుట అట్టిదే. వేసవి సెలవులలో ఢిల్లీ క్వార్టర్సు విడిచి కుటుంబము స్వస్థలమునకు బయలుదేరును. రైలులో నిద్రింపవలెను, తాతగారి ఇంట పదిమంది పిల్లలతో కలసి డాబామీద పండుకొనవలెను. తక్కిన పిల్లలందరు ఎదురుచూచు ఆ దినములను తలచి ఈ బిడ్డ భయపడును.

ఇది సోమరితనము కాదు, మొండితనమును కాదు. అయిదేండ్ల పిల్లలలో నూటికి సుమారు 15 మందికిని, పదేండ్లవారిలో సుమారు అయిదుగురికిని ఈ ఇబ్బంది ఉండును. రాత్రివేళ మూత్రమును తగ్గించు హార్మోను కొందరిలో చాలినంత ఊరదు. కొందరి మూత్రాశయము కొద్దిగా మాత్రమే పట్టును. అది నిండిన సంగతి గాఢనిద్రలోనున్న మెదడునకు అందదు. వంశపారంపర్యము కూడ గలదు. తండ్రియో మేనమామయో బాల్యమున అట్లే పక్క తడిపియుండిన, ఆ మాట బిడ్డకు చెప్పవలెను; వానికి కొండంత ధైర్యము కలుగును. ఎగతాళి, దెబ్బలు, వాతలు నిద్రించు శరీరమునకు ఏ పాఠమును నేర్పజాలవు.

చేయవలసిన పనులకు ఖర్చు స్వల్పము. దాహమును అణచుట పరిష్కారము కాదు. బడిలో చుక్క నీరు త్రాగక, ఇల్లు చేరినంతనే చెంబెడు త్రాగు పిల్లలు అనేకులు. నీరు పగటివేళ ధారాళముగ త్రాగించి, నిద్రకు ముందు ఒకటి రెండు గంటలు తగ్గించవలెను. రాత్రి పాలు సాయంకాలమే ఇయ్యవచ్చును. టీ, కాఫీ, కోలాలు మాన్పవలెను. పగలు రెండు మూడు గంటలకొకమారును, పక్క ఎక్కుటకు ముందును మూత్రవిసర్జన చేయింపవలెను. మలబద్ధమున్నచో ముందు దానిని పోగొట్టవలెను. పేరుకొన్న మలము మూత్రాశయమును నొక్కును.

పరుపుపై రబ్బరు షీటు పరచి, అంచులు క్రిందికి మడచి, దానిపై పాత నూలుచీర నాలుగు మడతలు వేసి దుప్పటి కప్పవలెను. మరియొక జత చేరువలో నుంచినచో అర్ధరాత్రి మార్చుట సులభము. ఢిల్లీ చలిలో రజాయి ఉతికి ఆరవేయుట కష్టము. దానికి నూలు గలీబు తొడిగిన గలీబు ఉతికిన చాలును. ఉదయము స్నానము చేయించి బడికి పంపవలెను. అప్పుడు తోటిపిల్లల ముందు చిన్నబోవు అవసరముండదు.

పాత క్యాలెండరుపై పొడి రాత్రులను గుర్తింపవచ్చును. కాని మెప్పు పొడి పక్కకు గాక, వేళకు నీరు త్రాగి, నిద్రకు ముందు వెళ్లి వచ్చినందుకు ఇయ్యవలెను. బిడ్డ చేతిలో నున్నది అంతమాత్రమే. నడిరేయి లేపి తీసికొనిపోవుట ఆనాటి పక్కను కాపాడునే గాని ఇబ్బందిని పోగొట్టదు.

ఇవి చాలనిచో, తడి తగిలినంతనే మ్రోగు అలారము గలదు. 1904లో ఆస్ట్రియన్ శిశువైద్యుడు ఫౌండ్లర్ నర్సులను పిలుచుటకు ఇట్టి పరికరమును అమర్పగా, పిల్లలు పక్క తడుపుటయే తగ్గెను. అలారము మ్రోగినపుడు పెద్దలు లేచి బిడ్డను పూర్తిగా మేల్కొల్పవలెను. రెండు మూడు నెలలు ఓపిక పట్టినచో చాలమందికి గుణమిచ్చును. ఒక ఇంట పని ముగిసిన పరికరమును శుభ్రపరచి వేరొక ఇంటికి ఈయవచ్చును. ప్రయాణములకు డెస్మోప్రెసిన్ మాత్ర ఉపకరించును. అది డాక్టరు సలహాతోనే వాడవలెను. మాత్రకు ఒక గంట ముందు నుండి ఎనిమిది గంటల తరువాత వరకు నీరు ఎక్కువగా త్రాగుట ప్రమాదకరము.

ఆరు నెలలు పొడిగానుండి మరల మొదలైనను, పగలు కూడ తడిపినను, మంట, జ్వరము, అతిదాహము, బరువు తగ్గుట, గట్టి గురక కనిపించినను ఆలసింపక వైద్యుని చూడవలెను. మధుమేహము, మూత్రనాళముల వ్యాధి మొదలగునవి ఇట్లు బయటపడవచ్చును. 1954లో ఢిల్లీలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము ఉద్యోగి కుటుంబమునకు ఉన్నది ఇందులకే. సిగ్గుపడి ఊరకుండుట తగదు.

ఏటేట ఈ పిల్లలలో నూటికి సుమారు 15 మందికి ఇది దానంతటదియే పోవును. తడిసిన పరుపు ఒకనాటి ఎండకు ఆరును. తల్లిదండ్రుల నోటి పరుషవాక్యము బిడ్డ మనస్సున చిరకాలము నిలుచును. కావున కాపాడవలసినది ముందు బిడ్డను, తరువాతనే పరుపును.