అరువదియేడు గడుల సంఖ్య



చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు పోయిన కథ ఎల్లరెరిగినదే. పలకకు 64 గడులే. వానికి మరి మూడు చేర్చి, 67 గడులలోని గింజలనన్నిటిని కూడినచో వచ్చు మొత్తము 14,75,73,95,25,89,67,64,12,927. రెండును 67 మార్లు వరుసగా వ్రాసి ఒకదానితో నొకటి గుణించి, అందుండి ఒకటి తీసివేసినను ఇదియే వచ్చును. భాస్కరాచార్యుని లీలావతిలో ఏకము మొదలు పరార్ధము వరకు 18 స్థానములకు పేర్లు గలవు. ఈ సంఖ్యకు 21 అంకెలు. పరార్ధమును దాటి మూడు స్థానములు పైకి పోయినది.

ఒకటిచేతను తనచేతను దక్క మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని 7, 13, 31 వంటివానికి ప్రధాన సంఖ్యలని పేరు. 1644లో మెర్సెన్ అను ఫ్రాన్సు దేశపు సన్న్యాసి ఇట్టి గడుల మొత్తములలో ఏవి ప్రధానములో ఒక పట్టిక ప్రకటించెను. అందు 67 గడుల సంఖ్యయు గలదు. పెద్దవాని మాట గనుక రెండు వందల యేండ్లకు పైగా నిలిచినది.

ఇది వట్టి వేడుక కాదు. 28ని భాగించు 1, 2, 4, 7, 14లను కూడినచో మరల 28 వచ్చును. అట్టిది పరిపూర్ణ సంఖ్య. గడుల మొత్తము ప్రధానమైనచో, దానిని కడపటి గడిలోని గింజలతో గుణింపగా పరిపూర్ణ సంఖ్య వచ్చునని యూక్లిడు ప్రాచీన కాలముననే నిరూపించెను. మూడు గడుల మొత్తము 7, కడపటి గడిలో 4, గుణించిన 28. కావున పట్టికలో తప్పు పడినచో, లేని పరిపూర్ణ సంఖ్యను ఉన్నదని జమకట్టినట్లే.

1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఈ సంఖ్య ప్రధానము కాదని రుజువు చేసెను. చిత్రమేమన, దాని భాజకములేవో ఆయన రుజువు చెప్పదు! చిట్టాలో మొత్తము తప్పని తేలినది. ఏ పద్దులో తప్పో తేలలేదు.

వెదకుటకు ఒక దారి గలదు. 67 ప్రధాన సంఖ్య గనుక, ఈ మొత్తమును భాగించు ప్రధానమేదైనను 134 యొక్క గుణిజమునకు ఒకటి కలిపినట్లే యుండవలెను. అనగా 134 సంఖ్యలకు ఒక్కదానిని చూచిన చాలును. చాలునను మాటయే గాని, మొదటి భాజకము ఆ వరుసలో 14,45,580వది! దినమునకు నూరు భాగహారములు చేయువానికి 39 ఏండ్లు దాటును.

1903 అక్టోబరులో న్యూయార్కున అమెరికా గణిత సంఘపు సభలో కోల్ అను ఆచార్యుడు ఈ ముడి విప్పెను. ఆయన వరుసగా భాగించుచు పోలేదు. శేషముల మర్మములతో వల బిగించెను. నాటి సభను గూర్చి చెప్పుకొను కథ యిది. నల్లబల్లపై ఒక ప్రక్క 67 గడుల మొత్తమును కట్టెను. మరియొక ప్రక్క 19,37,07,721ని 7,61,83,82,57,287 చే గుణించెను. రెండును సరిపోయెను. నోట మాట లేకయే పోయి కూర్చుండెను. సభ కరతాళధ్వనులతో నిండెను. ఎంతకాలము పట్టెనని యడుగగా, మూడేండ్ల ఆదివారములని చెప్పెనట.

మెర్సెన్ పట్టికలో 257 కూడ తప్పే. 61, 89, 107 విడిచిపోయినవి. నేటి యంత్రములు ఇట్టి లెక్కను క్షణములో తేల్చును. 2024లో 4,10,24,320 అంకెలు గల ఇదే జాతి ప్రధాన సంఖ్య దొరకినది.

కోల్ లెక్కను ఇంటివద్ద పరీక్షింపగోరువారు తొమ్మిదులు తీసివేయు పద్ధతిని పట్టవచ్చును. మొదటి భాజకపు అంకెల కూడిక 37, రెండవదానిది 64, మొత్తముది 109. తొమ్మిదులు తీసివేసిన మూడింటను మిగులునది ఒకటియే. ఈ పరీక్ష తప్పును పట్టునే గాని ఒప్పును స్థాపింపదు. పూర్తి గుణకారము చేయువారికి పలక చాలదు. పొడుగైన కాగితము కావలెను.