పక్కవాళ్ల వివరాలు మీ చేతిలో



ఇంకో గంటలో, మీరు ఇవాళ అందుకున్న పట్టాలు వాట్సాప్ స్టేటస్‌లకీ ఇన్‌స్టాగ్రామ్‌కీ ఎక్కుతాయి. సంతోషంగా పెట్టుకోండి, హాల్ టికెట్ నంబరు మీద మాత్రం వేలు అడ్డం పెట్టండి. విదేశాలకు వెళ్లేవాళ్లు బోర్డింగ్ పాస్ ఫొటో పెట్టకండి. దానిమీది పీఎన్ఆర్, ఇంటిపేరు దొరికితే చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో మీ బుకింగ్ ఎవరైనా తెరవగలరు.

ఇదంతా మీ సొంత సంగతి. నా దిగులు మీ పక్కవాళ్ల గురించి.

ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థకు చేరిన వ్యవహారం 2018లో బయటపడ్డప్పుడు ఫేస్‌బుక్ మన దేశం లెక్క చెప్పింది. ఆ క్విజ్ యాప్‌ను ఇక్కడ ఇన్‌స్టాల్ చేసుకున్నది 335 మంది. వివరాలు చేజారి ఉండొచ్చన్నది 5.62 లక్షల మందివి. ఇన్ని లక్షల మందీ ఏ బటనూ నొక్కలేదు, వాళ్ల స్నేహితుల్లో ఎవరో నొక్కారు. ఒకరు ఒప్పుకుంటే వాళ్ల స్నేహితుల వివరాలూ యాప్‌కు అందే ఏర్పాటు అప్పట్లో ఉండేది. ఫేస్‌బుక్ ఆ దారి 2015లో మూసింది. మన ఫోన్లలో దారులు తెరిచే ఉన్నాయి. ఏదో యాప్ కాంటాక్ట్స్ అడగ్గానే ‘అలౌ’ నొక్కేస్తాం. అమ్మమ్మ నంబరు కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది. ఆవిడనెవరు అడిగారు?

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారికి అప్పటికి తొంభై దాటాయి. ఆ వయసులో ఆయన పోరాడింది మనందరి కోసం. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాకు అది వర్తించదు. అది సబబే, ప్రతి పెళ్లి ఫొటో వెనకా చట్టం నిలబడకూడదు. అందుకే హాస్టల్ గ్రూపులో స్నేహితురాలి ఫొటో పెట్టేముందు ఆమెను అడగడం మీ మర్యాదకే వదిలేసిన పని.

ఇవాళ గ్రూప్ ఫొటో దిగుతారు. ‘నన్ను పెట్టొద్దే’ అని ఎవరైనా అంటే కారణం అడక్కండి. ఇంట్లో ఏ ఒత్తిడి ఉందో, ఎవరు వెంటపడుతున్నారో చెప్పుకోవాల్సిన అవసరం ఆ అమ్మాయికి లేదు. ఆమె లేని ఫొటో పెట్టండి.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇంకో మాట. రేపు మీరు రాసే యాప్‌లో కాంటాక్ట్స్ అనుమతి పెట్టమని మేనేజర్ అంటే, దేనికని అడగండి. సరైన జవాబు రాకపోతే పెట్టకండి.